ఓసీడీకి ఎక్స్‌పోజర్ థెరపీ: ముట్టుకోవడం సగమే, కడక్కుండా ఉండటం మిగతా సగం

చేతులు పదేపదే కడిగే ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) ఉన్నవాళ్లు చాలామంది థెరపిస్టునైన నా దగ్గరికి రాకముందు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళొస్తారు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, అరచేతులు ఎర్రగా మంట, ఆయన ఆయింట్‌మెంట్ రాసిచ్చి సబ్బు తగ్గించండమ్మా అంటారు, ఆవిడ ఇంటికెళ్ళి ఆ ట్యూబ్‌ని కూడా ముందు సబ్బుతో కడిగి తర్వాతే వాడుతుంది. అట్లా రెండేళ్ళు, మూడేళ్ళు, కొందరికి పదేళ్ళు గడిచాక ఎవరో చెప్తే వస్తారు. వచ్చి కూర్చోగానే అడిగేది ఒకటే, "మేడం, ఈ ఆలోచనలు రాకుండా చెయ్యగలరా?"

రాకుండా చెయ్యలేనని మొదటి రోజే చెప్పేస్తా. ఆలోచన వచ్చినా చెయ్యి కుళాయి వైపు పోకుండా ఉండటం మాత్రం నేర్పించగలను. దాన్నే ఈఆర్పీ అంటారు, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. ఎక్స్‌పోజర్ అంటే భయపడేదాని దగ్గరికి కావాలని వెళ్ళడం. రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటే వెళ్ళాక ఎప్పుడూ చేసే ఆ పని చెయ్యకుండా ఉండటం. మొదటి సగం అందరికీ తెలుసు, వీడియోలు చూసి ఇంట్లోవాళ్లు బలవంతంగా చేయించేది కూడా అదే. రెండో సగాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు, జబ్బు తగ్గేది మాత్రం అక్కడే. అందుకే నేను సెషన్లలో ఎట్లా చేస్తానో మొదట్నుంచీ చెప్తా, ఓసీడీ ఉన్నవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ, ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకీ పనికొస్తుంది. ఇందులో నేను చెప్పే ఆవిడ ఒక మనిషి కాదు, నలుగురైదుగురి సంగతులు కలిపి ఒకరిగా రాస్తున్నా.

ముందు జబ్బు ఎట్లా నడుస్తుందో తెలియాలి. మన ఇళ్లల్లో "ఆవిడకి శుభ్రం ఎక్కువ", "చాదస్తం" అని తేల్చేస్తారు. కానీ శుభ్రం ఇష్టమైనవాళ్లు ఇల్లు తుడుచుకుని హాయిగా కూర్చుంటారు, ఓసీడీ ఉన్న మనిషి కూర్చోలేదు. మనసులోకి ఒక ఆలోచన దూరుతుంది, చెప్పు తగిలింది, ఆ చేత్తో పిల్లాడికి అన్నం పెట్టానా, వాడికేమన్నా అయితే? దాన్ని అబ్సెషన్ అంటాం. గుండె దడ, కడుపులో తిప్పడం. ఆ బాధ పోవడానికి కడుగుతుంది, అది కంపల్షన్. కడగ్గానే ఒక పది నిమిషాలు ప్రాణం కుదుటపడుతుంది, చిక్కంతా ఆ పది నిమిషాలతోనే, ఎందుకంటే "కడిగాం కాబట్టి గండం తప్పింది" అని మెదడు రాసిపెట్టుకుంటుంది, కడక్కపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశమే దానికి రాదు. రేపు అదే కుదుటపాటు కోసం రెండుసార్లు కడగాలి, ఇంకో నెలకి పదిసార్లు. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసినట్టు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. రోజుకి గంటకి పైగా టైం దీనికే పోతున్నా, ఇంటిపని, ఉద్యోగం, చదువు దెబ్బతింటున్నా అది జబ్బే, ఇంక చాదస్తం అనకండి.

ఒకప్పుడు ఓసీడీ అంటే తగ్గని జబ్బు అనే లెక్కలో ఉండేవాళ్లు. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు పేషెంట్ల గురించి రాశాడు. కడగడం జబ్బున్న ఆవిడ గదిలో కుళాయికి నీళ్ళు కట్టేశారు, నర్సులు పక్కనే ఉండి ఆవిడ భయపడే వస్తువులు ముట్టుకునేలా చూశారు, కడగనివ్వలేదు. ఇద్దరికీ బాగా తగ్గింది. ఈఆర్పీ అక్కడ మొదలైంది. ఇప్పుడు మేం నీళ్ళు కట్టెయ్యం. ఎవరో ఆపితే ఆగడం వేరు, తనంతట తను ఆగడం వేరు, ఇంటికెళ్ళాక కుళాయి తన చేతిలోనే ఉంటుంది కదా.

మొదటి రెండు వారాలు, నోట్‌బుక్

మొదటి రెండు సెషన్లలో ఏమీ ముట్టుకోమని చెప్పను. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోమంటా. ఎన్నింటికి, ఎక్కడ, ఏం ఆలోచన వచ్చింది, భయం 0 నుంచి 100 లో ఎంత, అప్పుడు ఏం చేశారు, ఎంతసేపు, ఇంతే. ఆవిడ రాసుకొచ్చిన మొదటి లైను ఇట్లా ఉంది: పొద్దున 6.10, పాల ప్యాకెట్, బయట ఎవరెవరో పట్టుకున్నారు, 50, ప్యాకెట్ సర్ఫ్ నీళ్ళతో కడిగా, సింకు కడిగా, మోచేతుల దాకా చేతులు కడిగా, 25 నిమిషాలు. ఒక్క పాల ప్యాకెట్‌కి. వారం తర్వాత అన్నీ కూడితే రోజుకి అయిదు గంటలు తేలింది, అది చూసి ఆవిడ అక్కడే ఏడ్చేసింది, అంత అవుతుందని తనకే తెలీదు.

దీంతోపాటు ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే వై-బాక్స్ అనే స్కేల్ వేస్తాం, వేన్ గుడ్‌మన్ వాళ్ళు 1989లో తయారుచేసింది, పది ప్రశ్నలు, 0 నుంచి 40 దాకా మార్కులు. 16 నుంచి 23 ఓ మోస్తరు, 24 నుంచి 31 ఎక్కువ, ఆ పైన ఇంకా తీవ్రం. ఆవిడకి 29 వచ్చింది. ఈ నంబరు దేనికంటే రెండు నెలల తర్వాత "నాకేం తగ్గలేదు మేడం" అన్నప్పుడు చూపించడానికి, ఎందుకంటే తగ్గుతున్నప్పుడు లోపలున్న మనిషికి అది కనపడదు.

తర్వాత చేసేది భయం అడుగుదాకా వెళ్ళడం. నా దృష్టిలో తొందరపడకూడని చోటు ఇదే. "చెప్పు తగిలితే ఏమవుతుందమ్మా?" "మురికి మేడం." "మురికైతే?" "చేతికి అంటుకుంటుంది." "అంటుకుంటే?" "అదే చేత్తో బాబుకి అన్నం పెడతాను కదా." "పెడితే?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికేదన్నా అయితే దానికి కారణం నేనే అవుతాను, నేను జాగ్రత్తగా ఉంటే అయ్యేది కాదు." చూశారా, ఆవిడ భయం మురికి గురించి కాదు, తప్పు తనదవుతుందని. ఇంకొకాయన కూడా గంటలు గంటలు కడిగేవాడు, ఆయన్ని అడిగితే జబ్బు భయం ఏమీ లేదు, "ఆ జిగురు ఫీలింగ్ ఇంక జన్మలో వదలదేమో" అన్నదే భయం. బయటికి ఇద్దరూ చేతులే కడుగుతున్నారు, కానీ ఇద్దరికీ ఒకే ఎక్స్‌పోజర్ ఇస్తే ఒకరికి దండగే.

మెట్లు రాసుకోవడం

భయం నంబర్ల ప్రకారం కింది నుంచి పైకి ఒక లిస్టు రాస్తాం. నంబర్లు ఆవిడ చెప్పినవే, నేను మార్చను.

టీవీ రిమోట్ పట్టుకోవడం 25
బజారు నుంచి వచ్చిన పది రూపాయల నోటు 35
అపార్ట్‌మెంట్ లిఫ్ట్ బటన్ 40
పాల ప్యాకెట్ కడక్కుండా ఫ్రిజ్‌లో పెట్టడం 50
బస్సులో కూర్చుని వచ్చిన చీరతోనే సోఫాలో కూర్చోవడం 65
చెప్పుల స్టాండ్ 75
చెప్పుల స్టాండ్ ముట్టుకున్న చేత్తో బాబు కంచం తీసి అన్నం వడ్డించడం 95

మామూలు మనుషులు రోజూ తెలిసో తెలియకో చేసే పనులే ఇవన్నీ. పాడైపోయిన అన్నం తినమనడం, నిజంగా ప్రమాదం ఉన్నది ముట్టుకోమనడం ఈఆర్పీ కాదు, అట్లా ఎవరైనా చేయిస్తే అక్కణ్ణించి వచ్చెయ్యండి. కడగడానికి కూడా ఒక రూలు ముందే రాసుకుంటాం: టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, పచ్చి చేపలూ మాంసం పట్టుకున్నాక, ఎక్స్‌పోజర్ లేని పూట భోజనానికి ముందు. సబ్బు ఒక్కసారి, 20 సెకన్లు, మణికట్టు దాకా. అంతే.

మొదలు ఎక్కడ పెట్టాలి అంటే నేను 35, 40 దగ్గర పెడతా, మరీ సులువైతే నేర్చుకునేది ఏమీ ఉండదు, మరీ కష్టమైతే రెండోసారి రారు. ఆవిడతో నోటుతో మొదలుపెట్టాం. ముట్టుకునేముందు నోట్‌బుక్‌లో రాయించా, "ఇది పట్టుకుని కడక్కపోతే ఏం జరుగుతుందని మీ భయం?" ఆవిడ రాసింది, "అరగంట కూడా ఉండలేను, పిచ్చెక్కుతుంది, ఇంటికెళ్ళగానే స్నానం చేసేస్తా." సరే. నా పర్సులోంచి నలిగిపోయిన పది నోటు తీసి ముందు నేనే రెండు చేతుల మధ్య రుద్దుకున్నా, చెంపకి ఆనించుకున్నా. ఎవరి చేతా చేయించేముందు నేను చేసి చూపిస్తా, అది నా పద్ధతి. ఆవిడ రెండు వేళ్ళతో అంచు పట్టుకుంది. "అరచెయ్యంతా ఆనాలమ్మా" అన్నా. ఆనించింది. 35 అన్నది కాస్తా 60 అయింది, చెమటలు, కాళ్ళు ఊపుతోంది.

ఇప్పుడు థెరపిస్టు చెయ్యాల్సింది దాదాపు ఏమీ లేదు, కొత్తవాళ్ళకి కష్టంగా ఉండేది అదే. కబుర్లు చెప్పి మనసు మళ్ళించకూడదు, గట్టిగా ఊపిరి తీసుకోండి అనకూడదు, భయం ఉంటే ఉండనివ్వాలి. ఐదు నిమిషాలకోసారి "ఇప్పుడెంత?" అని మాత్రం అడిగా. 60, 65, 65, 55, 55, 40. నలభై నిమిషాలకి 30. అప్పుడు ఆ చేతులతోనే జుట్టు సరిచేసుకోమన్నా, పైట కొంగు, ఫోను, హ్యాండ్‌బ్యాగు, అన్నీ ముట్టుకోమన్నా. ఎందుకంటే నోటు ముట్టుకున్న చేతిని గాల్లో విడిగా పెట్టుకుని ఇంటిదాకా వెళ్తే ఆ చెయ్యి "మురికి చెయ్యి"గా మిగిలిపోతుంది, అంతటా అంటేస్తే ఇంక కాపాడుకోవాల్సిన శుభ్రమైన చోటు అంటూ ఉండదు. మూడు గంటలు కడక్కుండా ఉంటానని ఆవిడే అంది. వచ్చేవారం అడిగా, మీరు రాసిందేంటి, అయిందేంటి? "పిచ్చెక్కలేదు మేడం, స్నానం చెయ్యాలనిపించింది కానీ వంటలో పడి మర్చిపోయా."

భయం సగానికి తగ్గేదాకా సెషన్ ఆపకూడదు అని పాతరోజుల్లో నేర్పేవాళ్ళు, ఎడ్నా ఫోవా, మైకేల్ కోజాక్ అనే సైకాలజిస్టులు 1986లో చెప్పిన సిద్ధాంతం నుంచి వచ్చింది అది. మిషెల్ క్రాస్కె అనే ఇంకో సైకాలజిస్టు వాళ్ళు తర్వాత చెప్పిందేంటంటే, తగ్గడం కన్నా "నేను అనుకున్నది జరగలేదు" అని మెదడు కొత్తగా నేర్చుకోవడమే ముఖ్యమని. నాకు అనుభవంలో రెండోదే ఎక్కువ సరిపోయింది. కొంతమందికి గంటయినా 60 నుంచి కిందికి దిగదు, దిగకపోయినా కడక్కుండా ఇంటికెళ్ళారంటే ఆ రోజు పని అయినట్టే. 60లో కూడా వంట చెయ్యొచ్చు, ఆఫీసుకి వెళ్ళొచ్చు అని తెలియడం చాలా పెద్ద విషయం.

సెషన్లో చేసింది ఇంటిదగ్గర రోజూ చెయ్యాలి. వారానికి ఒక గంట నా రూంలో చేస్తే లాభం లేదు, జబ్బు ఉండేది వాళ్ల వంటింట్లో, వాళ్ల బాత్రూంలో. అందుకే కొన్ని సెషన్లు వీడియో కాల్‌లో పెడతా, ఫోను గట్టు మీద ఆనించి పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెడుతుంటే నేను చూస్తూ ఉంటా. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది.

దొంగదారులు

చెయ్యి కడగడం ఆగిందంటే కంపల్షన్ ఆగినట్టు కాదు. ఓసీడీ వేరే దారి వెతుక్కుంటుంది, ఆ మనిషికి కూడా తెలియకుండానే. నేను చూసినవి కొన్ని చెప్తా: చెయ్యి చీర కొంగుకి తుడుచుకోవడం, బ్యాగులో శానిటైజర్ ఉందిలే అని ధైర్యం తెచ్చుకోవడం, ఒక చేత్తో మాత్రమే ముట్టుకుని రెండో చెయ్యి దాచుకోవడం, "రాత్రికి ఎలాగూ తలంటుకుంటా కదా" అని మనసులో వాయిదా వేసుకోవడం, ముట్టుకుంటున్నంతసేపూ లోపల రామ రామ అనుకోవడం, "మేడం చేయించారు కాబట్టి ఏమన్నా అయితే బాధ్యత ఆవిడదే" అనుకోవడం. ఈ చివరిది చాలా తెలివైనది. ఆవిడ భయమంతా తప్పు తన మీద పడుతుందని కదా, ఆ తప్పుని నా మీద పెట్టేస్తే ఎక్స్‌పోజర్‌లో సారమే పోయింది. అది కనిపెట్టాక తర్వాతి వారం మెట్టు ఏంటో నేను చెప్పలేదు, ఆవిడే ఎంచుకోవాలి, నాకు చెప్పకుండా చెయ్యాలి అన్నా.

పొరపాటున కడిగేశారనుకోండి, ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్ళి ఆ వస్తువుని మళ్ళీ ముట్టుకోండి. కడిగిన చేతిని మళ్ళీ "మురికి" చేసుకుంటే ఆ కడగడం చెల్లదు. ఈ ఒక్క చిట్కా చాలామందిని నిలబెట్టింది. పూర్తిగా ఆపలేకపోతే వాయిదా వెయ్యండి, పది నిమిషాలు ఆగి కడుగుతా అనుకోండి, పది అయ్యాక ఇంకో పది.

"ఏం కాదులే" అనే మాట

ఇంట్లోవాళ్ల గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో ఓసీడీ ఒక్కరి దగ్గర ఉండదు, ఇల్లంతా దానికి పనిచేస్తుంది. ఆవిడ భర్త ఆఫీసు నుంచి రాగానే చెప్పులు గుమ్మం బయట వదిలి, ఏదీ తగలకుండా పక్కకి నడిచి నేరుగా బాత్రూంలోకి పోవాలి, ఫోను తడిగుడ్డతో తుడిచివ్వాలి. ఇంటర్ చదివే బాబు కాలేజీ బ్యాగు బాల్కనీలోనే ఉండాలి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, గొడవలు పడలేక, ఆవిడ బాధ చూడలేక చేస్తున్నారు. కానీ వాళ్ళు కడిగిన ప్రతిసారీ అది ఆవిడ కడిగినట్టే లెక్క. దీన్ని ఫ్యామిలీ అకామడేషన్ అంటారు, ఇది ఎక్కువున్న ఇళ్లల్లో జబ్బు కూడా మొండిగానే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నడిచేది మాటల్లో. "ఏవండీ, స్టాండ్ తగిలిందేమో చూశారా?" "లేదులే." "నిజంగా చూశారా?" "చూశానే, ఏం కాదులే." రోజుకి ముప్పై నలభైసార్లు. ఆయన ప్రేమతోనే అంటున్నాడు, కానీ ఆ "ఏం కాదులే" కూడా ఒక సబ్బే. పది నిమిషాలు పనిచేస్తుంది, మళ్ళీ కావాలి. నన్ను కూడా అడుగుతారు. మూడో సెషన్లో ఆవిడ నా చేతులు పట్టుకుంది, "మేడం, మీరు చదువుకున్నవాళ్ళు, బాబుకి ఏం కాదు అని ఒక్కసారి చెప్పండి, ఇంక జన్మలో అడగను." చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు తేలికేమీ కాదు. "ఆ గ్యారంటీ నా దగ్గర లేదమ్మా, నా పిల్లల విషయంలో కూడా లేదు, అది లేకుండానే ఇద్దరం వాళ్ళకి అన్నం పెట్టాలి" అన్నా.

భర్తని, బాబుని, అత్తగారిని కూర్చోబెట్టి ఆవిడ ముందే మాట్లాడతా, చాటుగా కాదు. నేటి నుంచి అన్నీ బంద్ అంటే యుద్ధం అవుతుంది. వారానికి ఒకటి తీసేస్తాం, ఏది ముందో ఆవిడే చెప్పాలి. మొదట ఫోను తుడవడం ఆపారు, మూడు వారాలకి బ్యాగు గదిలోకి వచ్చింది. ప్రశ్న అడిగితే ఏం అనాలో కూడా రాసిచ్చా: "ఇది ఓసీడీ అడిగిస్తున్న ప్రశ్నలాగుంది, దీనికి నేను జవాబు చెప్పను, నీకు కష్టంగా ఉందని తెలుసు, పక్కనే కూర్చుంటా." ఈ ఆఖరి ముక్క వదిలెయ్యొద్దు. జవాబు ఇవ్వకపోవడం శిక్షలాగా ఉండకూడదు. తిట్టడం, "పిచ్చి వేషాలు" అనడం, కుళాయి కట్టెయ్యడం, బలవంతంగా చెప్పు తెచ్చి ఒంటికి తగిలించడం, ఇవి చేసిన ఇళ్లల్లో ఆ మనిషి థెరపీ అంటేనే భయపడి దూరమైపోవడం చూశాను.

మడి, మైల, ఆచారం

"మేడం, మా ఇంట్లో మడి ఆచారం ఉంది, ఇది కూడా ఓసీడీయేనా?" అని తప్పకుండా అడుగుతారు. కాదు. నేను ఎవరి ఆచారం జోలికీ వెళ్ళను. కాకపోతే ఒక తేడా చూడమంటా. మడి కట్టుకుని వంట చేసే నాయనమ్మకి దానికో మొదలూ చివరా ఉంటుంది, స్నానం చేసింది, మడిబట్ట కట్టింది, అయిపోయింది, ఇంక వంట మీద ధ్యాస. ఓసీడీలో ఆ "అయిపోయింది" రాదు, కట్టిన మడిబట్ట తలుపుకి తగిలిందేమో అని మళ్ళీ స్నానం, మళ్ళీ అనుమానం, వంట పన్నెండింటికి కూడా మొదలవ్వదు. ఆ ఇంట్లో పెద్దావిడే "ఇంత అక్కర్లేదమ్మా" అంటుందంటే అది ఆచారం దాటిపోయింది. మేం ఆ పెద్దావిడ ఎంత చేస్తుందో అదే హద్దుగా పెట్టుకుంటాం. పూజారిగారిని అడగాలంటే ఒక్కసారి అడగొచ్చు, రెండోసారి అడిగితే అది కూడా కంపల్షనే.

బయటికి కనపడని ఓసీడీ

కొందరు ఏమీ కడగరు, ఏమీ చెక్ చెయ్యరు, అంతా మనసులోనే. పూజ గదిలో దేవుడి పటం చూడగానే బూతు మాటలు వస్తాయి, ఆ అబ్బాయి లెంపలేసుకుంటాడు, స్తోత్రం మధ్యలో ఆలోచన వచ్చిందని మళ్ళీ మొదట్నుంచి చదువుతాడు, పావుగంట పూజ రెండు గంటలు. పసిబిడ్డ తల్లికి కత్తిపీట చూడగానే "బిడ్డకి ఏమన్నా చేసేస్తానేమో" అని వస్తుంది, కత్తిపీట అటక మీద పెట్టించేస్తుంది, బిడ్డకి స్నానం చేయించడం మానేస్తుంది. వీళ్ళు సిగ్గుతో ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. వాళ్ళకి నేను ముందు చెప్పేది, 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు ఓసీడీ లేని మామూలు మనుషుల్ని అడిగితే వాళ్ళలో కూడా ఎక్కువమందికి ఇట్లాంటి ఆలోచనలే వస్తున్నాయని తేలింది. తేడా ఏంటంటే వాళ్ళు ఛీ అనుకుని పనిలో పడిపోతారు, ఓసీడీ ఉన్న మనిషి ఆ ఆలోచనని పట్టుకుని తరుముతుంది. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న వైద్యుడి కథ మనకి తెలిసిందే కదా, తరిమితే అదే వస్తుంది.

ఇక్కడ ఎక్స్‌పోజర్ కాగితం మీద చేస్తాం. ఆ అబ్బాయితో రాయించింది: "నాకు ఈ ఆలోచన వచ్చింది. దేవుడు క్షమించాడో లేదో నాకు ఎప్పటికీ పక్కాగా తెలియకపోవచ్చు. అయినా ఈ రోజు పూజ ముగించి ఆఫీసుకి వెళ్తాను." తన గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని రోజుకి 20 నిమిషాలు వినాలి, లెంపలు వేసుకోకుండా. పూజలో ఆలోచన వచ్చినా ఆపకుండా చదువుకుంటూ పోవాలి, వెనక్కి వెళ్ళకూడదు. దేవుణ్ణి తిట్టమని నేను ఎప్పుడూ అడగను, అవసరం లేదు కూడా. ఆ తల్లితో కత్తిపీట కిందికి దింపించి, బిడ్డ పక్కన చాప మీద పడుకుని ఉండగా కూరగాయలు తరిగించాం, మొదట నేను పక్కన, తర్వాత అత్తగారు, తర్వాత ఒక్కతే. కానీ ఒక హెచ్చరిక: ఓసీడీలో ఆ ఆలోచన తల్లిని వణికిస్తుంది. అట్లా కాకుండా ఎవరో చెవిలో చెప్తున్నారని, బిడ్డలో ఏదో చెడు ఉందని నిజంగా నమ్ముతుంటే అది వేరే జబ్బు, ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, బిడ్డతో ఒంటరిగా వదలకూడదు.

గ్యాస్, తాళం చెక్ చేసేవాళ్ల సంగతి తేలిక. రెగ్యులేటర్ ఒక్కసారి ఆపి, ఒక్కసారి చూసి, బయటికి వచ్చెయ్యడం, వెనక్కి తిరగకపోవడం. ఫోన్లో తాళం ఫోటో తీసుకోవడం తెలివైన పనిలా ఉంటుంది కానీ అది కూడా చెకింగే.

మందులు, ఎక్కడికి వెళ్ళాలి

మందులు వాడాలా అంటే, జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లకి థెరపీ, మందు రెండూ కలిపితే మంచిది. 2005లో ఫోవా వాళ్ళ 12 వారాల స్టడీలో ఎక్స్‌పోజర్ మాత్రమే చేసినవాళ్లలో 62 శాతం, క్లోమిప్రమీన్ అనే మందు మాత్రమే వాడినవాళ్లలో 42, రెండూ చేసినవాళ్లలో 70 శాతం మందికి గుణం కనపడింది, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 8. ఇప్పుడు ఎక్కువగా ఫ్లూఆక్సెటీన్, సెర్ట్రలీన్, ఫ్లూవోక్సమీన్ లాంటివి రాస్తారు, ఓసీడీకి డిప్రెషన్ కన్నా ఎక్కువ డోసు కావాల్సి వస్తుంది, పనిచెయ్యడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, రెండు వారాలకే పనిచెయ్యలేదని మానేసి వచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది. మందు రాసేది సైకియాట్రిస్టే, మొదలుపెట్టినా మానినా ఆయనతో చెప్పే చెయ్యాలి. నీరసం, నిద్రలేమి, చచ్చిపోవాలనే ఆలోచనలు ఉంటే ఎక్స్‌పోజర్ పక్కనపెట్టి ముందు అది చూపించుకోండి. రాత్రి పూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రభుత్వంలో అయితే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో మానసిక ఆసుపత్రులున్నాయి, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్కే ఉంది.

ఆవిడకి పదిహేనో సెషన్‌కి వై-బాక్స్ 11 వచ్చింది. తర్వాత బాబుకి జ్వరం వచ్చిన వారం మళ్ళీ సబ్బు పట్టుకుంది, ఫోన్ చేసింది, మెట్లు మళ్ళీ తీసి 50 దగ్గర్నుంచి చేశాం, పది రోజుల్లో సర్దుకుంది. జ్వరం, పరీక్షలు, ఇంట్లో చావు, కాన్పు, ఇట్లాంటి వాటప్పుడు తిరగబెట్టడం మామూలే, అందుకే ఆ నోట్‌బుక్ పారెయ్యొద్దు అంటా.

థెరపిస్టుని వెతుక్కుంటుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని చూసుకోండి, అపాయింట్‌మెంట్ తీసుకునే ఫోన్లోనే మూడు ప్రశ్నలు అడగండి. ఓసీడీకి ఈఆర్పీ చేస్తారా? సెషన్లో మీరు పక్కనుండి చేయిస్తారా, ఊరికే మాట్లాడి పంపిస్తారా? ఇంట్లోవాళ్లని కూడా పిలుస్తారా? చిటికెలు వేసుకోండి, ఆలోచన రాగానే ఆపు అనుకోండి, పాజిటివ్‌గా ఆలోచించండి అని మాత్రమే చెప్తే ఇంకొకరిని చూసుకోండి. వెళ్ళేరోజుకి వారం రోజుల నోట్‌బుక్ రాసి పట్టుకెళ్ళండి, చేతిరాత బాగోలేదని మళ్ళీ తెల్లగా తిరగరాయకండి, కొట్టివేతలతో ఎట్లా ఉందో అట్లాగే ఇవ్వండి.